1942 ఏప్రిల్ 11 టెలిగ్రామ్: రూజ్‌వెల్ట్ ఒత్తిడి తెచ్చాడా, రికార్డు కోసం రాశాడా?

కృష్ణాతీరం:
బ్రిటిష్ మంత్రి క్రిప్స్ ఇండియాతో రాజీ కోసం తెచ్చిన రాయబారం మీద నడుస్తున్న ఇంకో చర్చలో ఒకరు "అమెరికా మనకోసం గట్టిగానే నిలబడింది, చర్చిలే వినలేదు" అన్నారు. ఇంకొకరు "అదంతా కంటితుడుపు" అని కొట్టిపారేశారు. అక్కడ తేలేలా లేదు కాబట్టి విడిగా పెడుతున్నా.

తెలియనివాళ్లకి సంగతి ఇది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయాయి. మార్చి 11న బ్రిటన్ ప్రధాని చర్చిల్ క్రిప్స్‌ను ఢిల్లీకి పంపుతున్నట్టు ప్రకటించాడు. యుద్ధం ముగిశాక డొమినియన్ హోదా (బ్రిటిష్ రాజు కిందే ఉంటూ సొంత పాలన), చేరడం ఇష్టంలేని రాష్ట్రాలు విడిగా ఉండొచ్చు, యుద్ధం నడిచినన్నాళ్లూ రక్షణ బాధ్యత మాత్రం బ్రిటిష్ వాళ్లదే. ఇదీ తెచ్చిన బేరం. ఏప్రిల్ 10న కాంగ్రెస్ కాదంది. 11న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ లండన్‌కి టెలిగ్రామ్ కొట్టాడు: క్రిప్స్ ప్రయాణం ఆపించండి, చివరిసారి ప్రయత్నించండి అని. 12న క్రిప్స్ బయల్దేరిపోయాడు. ఆ టెలిగ్రామ్‌ని ఏమనుకోవాలి? నిజమైన ఒత్తిడా, 'నేనూ చెప్పాను' అనిపించుకోవడానికి రికార్డు కోసం రాసిందా?

రికార్డురూమ్:
నా ఓటు రికార్డుకే. ఏప్రిల్‌ది చదివే ముందు మార్చి 10న రూజ్‌వెల్ట్ రాసింది చదవండి. అమెరికా స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో 1783 నుంచి 1789 దాకా 13 రాష్ట్రాలు తాత్కాలిక ఏర్పాటుతో నెట్టుకొచ్చాయి, ఇండియాలోనూ అలాంటి తాత్కాలిక ప్రభుత్వం పెట్టి చూడొచ్చు అన్నాడు. సలహా బాగానే ఉంది. కానీ దాని చుట్టూ ఎంత మెత్తటి గుడ్డ చుట్టాడో చూడండి: నాకంటే మీకే ఎక్కువ తెలుసు, దేవుడి పేరు చెప్పి నన్ను ఇందులోకి లాగకండి, నిజానికి ఇది నా పని కూడా కాదు, మనిద్దరం చేస్తున్న యుద్ధంలో భాగం కాబట్టి చెబుతున్నా. ఒత్తిడి తేవాలనుకునేవాడు ఇన్ని తలుపులు తెరిచిపెట్టి రాయడు.

ఇంకోటి. ఢిల్లీలో రూజ్‌వెల్ట్ వ్యక్తిగత ప్రతినిధి లూయీ జాన్సన్ ఏప్రిల్ 3న దిగి, రక్షణ శాఖ పనులు ఎలా పంచుకోవాలో క్రిప్స్‌తో కలిసి ఒక సూత్రం తయారు చేశాడు. 9వ తేదీన లండన్‌లో రూజ్‌వెల్ట్ కుడిభుజం హ్యారీ హాప్కిన్స్, జాన్సన్ వచ్చిన పని వేరు, ఈ రాజీబేరంలో అతను అధ్యక్షుడి తరఫున మాట్లాడటం లేదు అని చర్చిల్‌కి చెప్పేశాడు. చర్చిల్ ఆ మాట వెంటనే ఢిల్లీకి తంతి కొట్టాడు. అక్కడితో జాన్సన్ మాటకి విలువ పోయింది. సొంత మనిషి కాళ్లు సొంతవాళ్లే నరికాక, రెండు రోజులకి వచ్చే టెలిగ్రామ్‌కి బరువేముంటుంది?

తంతివార్త:
రికార్డురూమ్ గారూ, మార్చి 10 గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటా. ఏప్రిల్ 11ది మాత్రం ఆ కోవలోది కాదు. అందులో వినయం తక్కువ. రాజీ కుదరకపోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం స్వపరిపాలన హక్కు ఇవ్వకపోవడమే కారణమని అమెరికాలో దాదాపు అందరూ నమ్ముతున్నారు అని మొహం మీదే అన్నాడు. యుద్ధం అయ్యాక ముక్కలుగా విడిపోయే హక్కు ఇస్తామంటున్నవాళ్లు యుద్ధంలో స్వపరిపాలన ఎందుకు ఇవ్వరు అని అడిగాడు. జపాన్ ఇండియాలోకి జొరబడి ఓటమి ఎదురైతే అమెరికా ప్రజాభిప్రాయం ఎలా తిరుగుతుందో ఊహించుకోమని హెచ్చరించాడు కూడా. చర్చిల్ దాన్ని ఉత్తుత్తి కాగితం అనుకుని ఉంటే అంత మండిపడడు. రాజీనామాకి సిద్ధమన్న ధోరణిలో జవాబు చిత్తుప్రతి తయారు చేసుకుని, అది పంపకుండా మెత్తటిది పంపాడు.

అయితే అది పనిచేయకపోవడానికి అసలు కారణం దాన్ని పంపిన దారి. రూజ్‌వెల్ట్, చర్చిల్ ఇద్దరి మధ్య ఉత్తరాలు 1939 సెప్టెంబర్ 11న మొదలయ్యాయి. అప్పటికి చర్చిల్ నౌకాదళ మంత్రి, అందుకే మారుపేరు 'నేవల్ పర్సన్'. 1940 మేలో ప్రధాని అయ్యాక 'ఫార్మర్ నేవల్ పర్సన్'. విదేశాంగ శాఖల మధ్య తిరిగే నోట్ ఫైలుకెక్కుతుంది, కేబినెట్ ముందుకొస్తుంది, దానికి అధికారికంగా జవాబు చెప్పుకోవాలి. ఈ మారుపేరుకి వచ్చేది సొంత ఉత్తరం. ఏప్రిల్ 11 టెలిగ్రామ్ హాప్కిన్స్ ద్వారా ఈ పేరుకే వెళ్లింది. 12న చర్చిల్ ఇచ్చిన జవాబులో అందరూ ఎత్తిచూపే వాక్యం "మనిద్దరి మధ్య గట్టి విభేదం వస్తే నా గుండె పగులుతుంది" అన్నది. అసలు కీలు ఇంకో వాక్యంలో ఉంది: మీ టెలిగ్రామ్ ఫార్మర్ నేవల్ పర్సన్ పేరున వచ్చింది కాబట్టి పూర్తిగా సొంత విషయంగా ఉంచుకుంటున్నా, మీరు పెట్టమంటే తప్ప అధికారికంగా కేబినెట్ ముందు పెట్టను. అంటే బంతి మళ్లీ వాషింగ్టన్ కోర్టులోనే. పెట్టమని రూజ్‌వెల్ట్ పట్టుబట్టలేదు. లండన్ కేబినెట్‌లో క్రిప్స్ పక్షాన మాట్లాడగలిగేవాళ్ల చేతికి ఆయుధం అందకుండానే పోయింది.

రికార్డురూమ్:
మీరు నా వాదనకే బలం ఇస్తున్నారు కదండీ. ఆ దారి ఎలాంటిదో రూజ్‌వెల్ట్‌కి తెలియదా? వైట్‌హౌస్‌లో యుద్ధ సమాచారం, రహస్య సందేశాలు చూసే మ్యాప్ రూమ్ 1942 జనవరిలో మొదలైంది. బయటికి వెళ్లే సందేశాలు నేవీ సైఫర్‌లో (రహస్య లిపిలో), లోపలికి వచ్చేవి ఆర్మీ సైఫర్‌లో నడిపించాడు. రెండు వైపుల పూర్తి ప్రతులు మ్యాప్ రూమ్‌లో తప్ప ఇంకెక్కడా లేకుండా చూసుకున్న మనిషి. ఏ కాగితం ఏ దారిన పోతే ఎవరి కంట పడుతుందో అంత లెక్క తెలిసినవాడు, కేబినెట్ చూడాలనుకుంటే కేబినెట్ చూసే దారినే పంపేవాడు.

వన్‌టౌన్ వైజాగ్:
మధ్యలో టైమింగ్ సంగతి వదిలేస్తున్నారు. టెలిగ్రామ్ చర్చిల్ గ్రామీణ నివాసం చెకర్స్‌కి చేరేసరికి ఆదివారం, ఏప్రిల్ 12, తెల్లవారుజాము 3 గంటలు. యుద్ధం కోసం గడియారాలు ముందుకు జరిపిన రోజులు: బ్రిటన్‌లో అప్పుడు డబుల్ సమ్మర్ టైమ్, వాషింగ్టన్‌లో వార్ టైమ్. తేడా 6 గంటలు. అంటే అక్కడ శనివారం రాత్రి 9. ఈ మధ్యలో ముసాయిదా, సైఫర్‌లోకి మార్చడం, పంపడం, అవతల విప్పడం, టైపు, మోటార్‌సైకిల్ మీద లేదా టెలిప్రింటర్ మీద ఊరి బయటికి చేర్చడం. ఒక్క సైఫర్ గుంపు (కోడ్ అక్షరాల ముక్క) చెడిపోయి వస్తే అది మళ్లీ పంపమని అడగాలి, ఆ ఆలస్యం వేరే. కాంగ్రెస్ తిరస్కరించింది 10న. క్రిప్స్ ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నట్టు రేడియోలో చెప్పింది 11న. గురువారం (9న) రాత్రి రాజీ కుదిరేలా ఉందన్న కబురు తనకి అందిందని టెలిగ్రామ్‌లో రూజ్‌వెల్టే రాశాడు. కదలాల్సింది ఆ గురువారమే. శనివారం రాసింది పెళ్లయ్యాక పంపిన శుభలేఖ.

ఇంకా, ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ వారంలో బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలు మునిగాయి. 'జపాన్ జొరబడితే' అన్న వాక్యం వట్టి బెదిరింపు కాదు, ఆ వారం అది వార్త.

తంతివార్త:
టైమింగ్ ఒప్పుకుంటా. కానీ ఆ హెచ్చరికని చర్చిల్ తనవైపు తిప్పుకున్నాడు చూడండి. ఇంత కీలక సమయంలో అన్నీ మళ్లీ మూసలో పోసి కరిగిస్తే ఇండియా రక్షణ బాధ్యత నేను మోయలేను అన్నాడు. శత్రువు గుమ్మంలో ఉన్నాడు కాబట్టి అధికారం ఇవ్వండి అని రూజ్‌వెల్ట్ అంటే, శత్రువు గుమ్మంలో ఉన్నాడు కాబట్టే ఇవ్వలేం అని ఆయన.

పాతప్రతి:
మాటల మీద ఇంత గట్టిగా వాదించేవాళ్లకి ఒక జాగ్రత్త. మీ చేతిలో ఉన్నది ఏ ప్రతి? ఆ రోజుల్లో సైఫర్‌లో వచ్చిన టెలిగ్రామ్‌ని ఉన్నదున్నట్టుగా ఎవరికీ చూపకూడదు. అమెరికా విదేశాంగ శాఖ ప్రతుల మీద "మాటలు మార్చి రాశాకే ఇతరులకు తెలపాలి" అనే ముద్ర ఉండేది. కారణం తేలిక. గాలిలో పోయిన సైఫర్ గుంపులు శత్రువు రాసిపెట్టుకుంటాడు. అసలు వాక్యం వరసతో సహా పేపర్లోనో ఇంకో బలహీనమైన కోడ్‌లోనో బయటపడితే రెండూ పక్కపక్కన పెట్టుకుని తాళం విప్పేస్తాడు. అందుకే వాక్యాలు వెనకాముందు చేసి, పదాలు మార్చి ప్రతులు తీసేవాళ్లు. ఒకే టెలిగ్రామ్ రెండు ఆర్కైవ్‌లలో రెండు రకాల పదాలతో ఉంటే ఎవరో దిద్దారని కేకలు వేయొద్దు. ఒక్క విశేషణం మీద సిద్ధాంతం కట్టొద్దు. పేరాల సారం, తేదీ, ఎవరికి పంపారు, ఈ మూడూ నమ్మదగినవి. తంతివార్త గారి వాదన 'ఎవరికి పంపారు' మీద నిలబడింది కాబట్టి నాకు గట్టిగానే అనిపిస్తోంది.

కృష్ణాతీరం:
మరి ఆ వారం లండన్‌లో హాప్కిన్స్, అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్షల్ ఉన్నది ఇండియా కోసం కాదు కదా?

రికార్డురూమ్:
అదే నేను చెప్పబోయేది. ఏప్రిల్ 8న వాళ్లు లండన్ వచ్చింది ఫ్రాన్స్‌లో దిగే ప్రణాళికకి చర్చిల్ చేత ఊ అనిపించడానికి. 14న అనిపించారు కూడా. రూజ్‌వెల్ట్‌కి ఆ వారం లండన్ నుంచి కావాల్సింది అది. ఒకే చేత్తో రెండు కొమ్మలు వంచడు.

దీనికి తోడు 1944 చూడండి. ఏప్రిల్ 29న ఈసారి చర్చిలే అడిగాడు: బెంగాల్ కరువు తర్వాత ఇండియాలో తిండి పరిస్థితి బాగాలేదు, ఆస్ట్రేలియా నుంచి 3,50,000 టన్నుల గోధుమలు కుదిర్చాం, ఇంకా కావాలి, గోధుమలు ఉన్నాయిగానీ ఓడల్లేవు, మీ ఓడలు ఇవ్వండి. జూన్ 1న రూజ్‌వెల్ట్ జవాబు: చాలా విచారంగా ఉంది, సైనిక పనులకి అడ్డం వస్తుంది కాబట్టి ఇవ్వలేను. 1942లో ప్రజాభిప్రాయం పేరు చెప్పినాయన, 1944లో ఓడలు అడిగితే సేనాధిపతుల పేరు చెప్పాడు.

తంతివార్త:
1944 జూన్ 1 అంటే ఫ్రాన్స్‌లోని నార్మండీలో మిత్రపక్షాల సైన్యం దిగడానికి 5 రోజుల ముందు. ఆ వారం ఓడలు అడిగితే ఎవరు ఇస్తారండీ? దాన్ని తెచ్చి 1942కి సాక్ష్యంగా నిలబెట్టడం న్యాయం కాదు. మార్షల్ సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది మీ వైపే రాసుకోండి.