వినకుండానే మా అప్ప పింఛను ఆపేశారు, ఏం చేయాలి?

కాశీబుగ్గ కుర్రోడు:

మా అప్పకి మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడిపోయింది. పెళ్లి కాలేదు. కూర్చుని చేసే పని కాబట్టి పలాసలో జీడిపప్పు తొక్క తీయడానికి వెళ్తుంది. జీడిపిక్కలు రాని రోజుల్లో ఆ కూలీ కూడా ఉండదు. నెలనెలా వచ్చే 6000 రూపాయల వికలాంగుల పింఛనే ఆమె ధైర్యం. సదరం సర్టిఫికెట్‌లో 60 శాతం, శాశ్వత వైకల్యం అని స్పష్టంగా ఉంది.

ఆమధ్య మళ్లీ పరీక్షకి పిలిచారు. డాక్టరు గారు నాలుగడుగులు నడవమన్నారు, ఏదో రాసుకున్నారు, అంతే. తర్వాత ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. అందులో ‘అనర్హులు’ అని ఉంది గానీ, ఎంత శాతం వేశారో, ఎందుకు తగ్గిందో ఒక్క ముక్క లేదు. ఒకటో తారీఖున వీధిలో అందరికీ పింఛను ఇచ్చారు, మా ఇంటికి రాలేదు. అడిగితే ఆన్‌లైన్‌లో పేరు లేదన్నారు. ‘చచ్చిన కాలు మళ్లీ లేస్తాదేటి బాబూ?’ అని అప్ప అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

మా మాట వినకుండా ఆపేసే అధికారం వాళ్లకుందా? నేరుగా హైకోర్టుకి వెళ్లిపోవచ్చా?

నల్లకోటు, శ్రీకాకుళం:

లేదు తమ్ముడూ, అలా ఆపకూడదు. కాగితం చేతికిచ్చినంత మాత్రాన నోటీసు ఇచ్చినట్టు కాదు. ఏ కారణంతో తీసేయబోతున్నారో చెప్పాలి, దేన్ని చూసి ఆ నిర్ణయానికి వచ్చారో చూపించాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 1967లో సుప్రీంకోర్టు బీనాపాణి దేయి కేసులో ఇదే తేల్చింది. ఒడిశాలో ప్రభుత్వ డాక్టరమ్మ ఆవిడ. పుట్టిన తేదీ మార్చేసి ముందే రిటైర్ చేశారు, విచారణ నివేదిక మాత్రం ఆమెకి చూపించలేదు. అది ఆఫీసు ఉత్తర్వే అయినా, మనిషి హక్కుకి దెబ్బ తగిలేటప్పుడు సహజ న్యాయం, అంటే అవతలి మనిషి మాట వినాలన్న సూత్రం, పాటించాల్సిందే అని కోర్టు చెప్పింది. మీ అప్పకి చూపించనిది కూడా సరిగ్గా అలాంటి నివేదికే.

అందుకే ముందు ఆ నివేదిక నకలు రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, నిర్ణయానికి కారణాలు బాధితులకి చెప్పడం ఆఫీసు బాధ్యత. దాంతోపాటే అప్పీలు పెట్టండి. పల్లె అయితే ఎంపీడీఓకి, పట్టణమైతే మున్సిపల్ కమిషనర్‌కి. శాతం తప్పు వేశారని 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంది.

రిటైర్డ్ గుమస్తా, విజయనగరం:

బాబూ, నోటిమాటగా అడిగితే ఫైలు కదలదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకో. తీసుకోము అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో కూడా ఇచ్చి రసీదు నంబరు దాచుకో. మళ్లీ పరీక్షకి పిలిస్తే పాత ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు, కాలికి ఊతంగా కట్టుకునే క్యాలిపర్ అన్నీ పట్టుకెళ్లండి. కాలు కొలత తీశారా లేదా చూసుకో. తీయకపోతే ఆ సంగతి అప్పీల్లో రాయి.

లా చదువుతున్నా, చీపురుపల్లి:

అమెరికాలో 1970 నాటి గోల్డ్‌బర్గ్ వర్సెస్ కెల్లీ తీర్పు చదివాను. న్యూయార్క్‌లో పేదల సాయం ఆపేముందే వాళ్ల మాట వినాలని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. తిండికి ఆధారమైన సాయం ఆగితే, కేసు తేలేదాకా ఆ మనిషి బతకడమే కష్టం అన్నది దాని తర్కం. ఇది వాడుకోవచ్చా మేడమ్?

నల్లకోటు, శ్రీకాకుళం:

మంచి తీర్పు, కానీ అదే కోర్టు 1976లో మాథ్యూస్ వర్సెస్ ఎల్‌డ్రిడ్జ్‌లో, వైకల్య భృతి ఆపడానికి ముందే విచారణ అక్కర్లేదంది. డాక్టరు రిపోర్టుల మీద తేలే విషయం కదా, తర్వాత విన్నా చాలు అన్నారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. నాలుగడుగులు నడిపించి రాసిన రిపోర్టునే మనం ప్రశ్నిస్తున్నాం. మన దగ్గర, మనిషి హక్కు తీసేసే పద్ధతి న్యాయంగా ఉండాలని సుప్రీంకోర్టు చెప్పిన మేనకా గాంధీ తీర్పు (1978) ఉంది, అది చాలు. పక్కనే తెలంగాణలో కంప్యూటర్ లెక్కతో రద్దయిన లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కంప్యూటర్ తీసేసిందన్న జవాబు కోర్టులో నిలవదనడానికి నేను దాన్నే చూపిస్తాను.

కాశీబుగ్గ కుర్రోడు:

మేడమ్, చాలా థాంక్స్. అప్పీలు తేలకపోతే లాయరు ఫీజు ఎక్కడినుంచి తేవాలన్నదే టెన్షన్. ఆగిన నెలల డబ్బులు వస్తాయా?

నల్లకోటు, శ్రీకాకుళం:

ఫీజు గురించి బెంగ వద్దు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో మహిళలకీ, వికలాంగులకీ ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ అప్పకి రెండూ వర్తిస్తాయి. శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. అమరావతి హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేయాల్సి వచ్చినా వాళ్లే లాయర్ని పెడతారు. ఒక్కటి గుర్తుంచుకో, హైకోర్టు కాలు పరీక్షించి శాతం వేయదు. ఉత్తర్వు కొట్టేసి, మళ్లీ విని తేల్చమని వెనక్కి పంపుతుంది. కాబట్టి అప్పటిదాకా పింఛను కొనసాగించాలనీ, ఆగిన నెలల బకాయి ఇవ్వాలనీ అప్పీల్లోనూ రిట్‌లోనూ విడిగా అడగాలి. అడగకపోతే ఉత్తర్వులో ఆ మాటే ఉండకపోవచ్చు.