అమ్మ నూలు వడకడం నా కూతురికి నేర్పనంటోంది. పట్టుబట్టాలా, వదిలేయాలా?

సిక్కోలు ఆడపడుచు అడిగారు:

మాది పొందూరు పక్క పల్లె. పెళ్లయ్యాక శ్రీకాకుళంలో ఉంటున్నాను, మెడికల్ షాపులో బిల్లింగ్ చూస్తాను. అమ్మ ఇంకా ఊళ్ళోనే ఉంది. అరవై దాటింది, ఇప్పటికీ పొద్దున్న కాఫీ అవ్వగానే రాట్నం ముందు కూర్చుంటుంది. సన్న ఖద్దరుకి నూలు వడుకుతుంది.

మొన్న వేసవిలో ఎవరో కుర్రాడు కెమెరా పట్టుకుని ఊరికి వచ్చి అమ్మని రీల్ తీసుకెళ్ళాడు. అది బాగా తిరిగింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. క్లాసులో పిల్లలు "ఈవిడ మీ అమ్మమ్మేనా?" అని అడిగారంట. అప్పట్నుంచి దానికి ఒకటే పట్టు, దసరా సెలవులకి వెళ్ళి నేర్చుకుంటానని. ఇప్పటిదాకా అమ్మమ్మ ఇంటికెళ్తే ఫోన్ పట్టుకుని మంచం దిగని పిల్ల. నాకు సంతోషమే వేసింది.

అమ్మ మాత్రం ఒప్పుకోవడం లేదు. కెమెరా ముందు నవ్వుతూ అన్నీ చూపించిన మనిషి, మనవరాలు అడిగేసరికి "ఈ గుంటకెందుకే ఈ పని? నా నడుం పోయింది సాల్దా, దీని నడుం కూడా పోవాలా? నాతోనే పోనీ" అంది. నేను రెట్టిస్తే, "మరి నువ్వెందుకు నేర్చుకోలేదేటి?" అని ఒక్క మాటతో నా నోరు మూయించింది. నిజానికి నన్ను నేర్చుకోనివ్వనిది కూడా తనే. నేను రాట్నం దగ్గరకి వెళ్తే చేతిలో పుస్తకం పెట్టి పంపించేది.

తెలియనివాళ్ళ కోసం పని ఎలా ఉంటుందో చెప్తాను. ఖద్దరంటే రాట్నం తిప్పడమే అని చాలామంది అనుకుంటారు. రాట్నం దాకా వచ్చేసరికే సగం పని అయిపోయి ఉంటుంది. కొండపత్తి గానీ పునాస పత్తి గానీ గింజతో సహా వస్తుంది. దాన్ని ముందు వలుగ చేప దవడతో దువ్వాలి. అవును, నిజం చేప దవడే. సన్నటి పళ్ళు దగ్గర దగ్గరగా, వరసగా ఉంటాయి. అమ్మ ఎడమ చేత్తో గింజ పట్టుకుని, దాని చుట్టూ ఉన్న పత్తిని కుడి చేతిలోని దవడతో మెల్లగా లాగుతుంది. ఎండుటాకు ముక్కలు, నలకలు ఒళ్ళో రాలతాయి. పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. గట్టిగా లాగితే పోగు తెగుతుంది, మెత్తగా లాగితే నలక ఉండిపోతుంది. ఇనప దువ్వెన, ప్లాస్టిక్ దువ్వెన అన్నీ చూశారంట, ఏవీ కుదర్లేదు. ఆ తర్వాత చెక్క పలక మీద పెట్టి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ ఒక పక్కకి, దూది ఒక పక్కకి వస్తాయి. దూదిని విల్లుతో ఏకి, ఏకులుగా (వడకడానికి సన్నగా చుట్టిన దూది వత్తులు) చుట్టి, ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటుంది. డొప్ప నున్నగా ఉంటుంది కాబట్టి దూది అంటుకోదు, దుమ్ము పట్టదు. వడికేటప్పుడు డొప్ప ఎడం చేతిలోనే ఉంటుంది, అందులోంచే ఏకు వస్తుంది. అప్పుడు గానీ రాట్నం కదలదు. వచ్చే నూలు వంద కౌంటు (కౌంటు అంటే నూలు సన్నదనానికి కొలత, అంకె పెరిగేకొద్దీ పోగు సన్నం). వెలుతురు సరిగ్గా పడకపోతే పోగు కంటికి ఆనదు.

ఇంతా చేస్తే రోజు చివర చేతికొచ్చేది ఉపాధి పనికెళ్తే వచ్చే కూలిలో సగం కూడా ఉండదు. అదే అమ్మ కోపం. పని మీద కాదు. "పనికి నేను పేరెట్టను, పైసలకే పేరెడతాను" అంటుంది.

మా వీధిలో నా చిన్నప్పుడు మధ్యాహ్నమైతే ప్రతి అరుగు మీదా రాట్నం చప్పుడే. ఇప్పుడు వడికేవాళ్ళందరూ అమ్మ వయసు వాళ్ళు. వాళ్ళ తర్వాత ఎవరూ లేరు. నా అనుమానం ఇదీ: కష్టపడినావిడ వద్దంటుంటే, ఆ కష్టం పడని నేను "మన సంస్కృతి, మన వారసత్వం" అని పట్టుబట్టడం న్యాయమేనా? అలా అని వదిలేస్తే రేపు ఆ అమ్మాయే "అడిగినా నేర్పలేదు" అంటుంది కదా. మీరైతే ఏం చేస్తారు?

---

మగ్గం గుంతలోంచి జవాబు:

అక్కా, మాది పొందూరే. నాన్న నేత, నేను విశాఖలో ఏసీ మెకానిక్‌ని. మీ అమ్మగారి మాట వింటుంటే మా ఇంట్లో మాట విన్నట్టే ఉంది. నాన్న కూడా నన్ను మగ్గం గుంతలో (నేసేవాడు కాళ్ళు పెట్టి కూర్చునే గుంత) దిగనివ్వలేదు.

నేత వైపు నుంచి ఒక మాట చెప్తాను. మగ్గం ఆగేది నేతగాడు లేక కాదు, ముందు నూలు లేక ఆగుతుంది. ఒక పంచె నేయాలంటే ఎంతమంది చేతి నూలు కావాలో మీకు తెలుసు. అందరి చేయీ ఒకటి కాదు. నాన్న చిలప (నూలు చుట్ట) పట్టుకుని బొటనవేలితో ఒకసారి రాసి, ఇది ఫలానా వీధి ఫలానా ఆవిడ నూలు అనేవారు. మంచి నూలైతే పడుగుకి (నిలువు పోగులకి), కొంచెం లావూ సన్నమూ ఉంటే పేకకి (అడ్డం పోగులకి). చేయి తిరగనివాళ్ళ నూలు పడుగులో పడితే ఆ రోజంతా తెగిన పోగులు అతుక్కోవడమే సరిపోతుంది. ఆ చేయి పుస్తకం చదివితే రాదు, వీడియో చూస్తే రాదు. మీ అమ్మగారి రీల్‌ని లక్ష మంది చూసినా ఒక్కరికి కూడా పోగు తీయడం వచ్చి ఉండదు. నాకు ఆ కెమెరా బ్యాచ్ మీద కోపమేమీ లేదు గానీ, వీడియో తీసేశాం కాబట్టి భద్రం అయిపోయింది అనుకోవడం మీదే ఉంది.

కాబట్టి నా ఓటు నేర్పమనే. అయితే మీ అమ్మాయి నేర్చుకోవడం వేరు, వడుకు మీద బతకడం వేరు. మీ అమ్మగారు ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు, అందుకే భయం. "నీ మనవరాలు డిగ్రీ చదువుతుంది, ఉద్యోగం చేస్తుంది, ఇది మాత్రం చేతిలో ఉంటుంది" అని నెమ్మదిగా చెప్పి చూడండి.

---

కోట వెనక మాస్టారు జవాబు:

అమ్మా, నేను విజయనగరంలో రిటైరైన తెలుగు మాస్టారిని. పై తమ్ముడు చెప్పినది బాగుంది గానీ సగమే చెప్పాడు. "చేతిలో ఉంటుంది" అంటే సరిపోదు. ఏ విద్యా ఇష్టం మీద మాత్రమే నిలబడలేదు.

మా ఊరి సంగతే చూడండి. ఇక్కడ సంగీత కళాశాల 1919లో మొదలైంది, విజయరామ గజపతిరాజు గారు పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు, 1936 నుంచి ఆయనే ప్రిన్సిపాల్. ఘంటసాల గారు కుర్రాడిగా ఇక్కడికి వచ్చినప్పుడు చేతిలో చిల్లిగవ్వ లేదు. వారాలు చేసుకుని, మధుకరం (ఇంటింటా అడుక్కునే అన్నం) ఎత్తుకుని చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు అడక్కుండా ఇంట్లో పెట్టుకుని నేర్పారు. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ శిష్యుడి కష్టానికి, గురువు మంచితనానికి చేతులు జోడిస్తారు. జోడించాల్సిందే. కానీ ఆ గురువు అలా నేర్పగలగడానికి వెనక ఒకటుంది: ఆయన ఆ కళాశాలలో ఉద్యోగి, నెల తిరిగేసరికి జీతం వచ్చేది. విజయనగరం సంగీతం నిలబడింది అంటే రాగాల గొప్పతనం ఎంతో, ఆ జీతాల పట్టీ గొప్పతనమూ అంతే. ఇలా అంటే మా సభల్లో పెద్దవాళ్ళకి నచ్చదు, రసజ్ఞత లేదంటారు.

మీ అమ్మగారు మనవరాలికి నేర్పుతూ కూర్చుంటే ఆ రోజు ఆవిడ వడుకు పోతుంది. అంటే ఆ రోజు కూలి పోతుంది. మీరు అడిగింది న్యాయం గురించి కాబట్టి చెప్తున్నాను, ముందు ఆ కూలి ఎవరిస్తారో తేల్చండి. ఊళ్ళో బళ్ళోనే వారానికి రెండు పీరియడ్లు ఆవిడని పిలిచి గౌరవ వేతనం ఇస్తే ఇంకా మంచిది. గుండె మీద తప్పెట కట్టుకుని తెల్లవార్లూ ఆడే తప్పెటగుళ్ళ గురువులకీ అదే కావాలి. వార్షికోత్సవానికి పిలిచి శాలువా కప్పి పంపేస్తాం. శాలువాతో ఇంట్లో పొయ్యి వెలగదు కదా.

---

బొబ్బిలి బాబ్జీ జవాబు:

మాస్టారికి నమస్కారం. మా వైపు జరిగింది చెప్తాను, నచ్చకపోయినా వినండి.

బొబ్బిలి వీణ అంటే మా పక్కనున్న గొల్లపల్లిలో చేసేదే. పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి కుండ, దండి, చివరన యాళి (సింహంలాంటి బొమ్మ) తల అంతా ఏకంగా చేస్తారు, ఏకాండి వీణ అంటారు. పైన మైనం పోసి 24 మెట్లు కూర్చాలి, ఒక్కో మెట్టు స్వరానికి కుదిరిందో లేదో చెవితో చూసుకుంటూ. అది చేయగలిగినవాళ్ళు తక్కువ, కొనేవాళ్ళు ఇంకా తక్కువ. మరి ఆ ఇళ్ళు ఎలా నడుస్తున్నాయనుకున్నారు? బొమ్మ వీణల మీద. మంత్రులకి, అతిథులకి సన్మానాల్లో అద్దాల పెట్టెలో పెట్టి ఇస్తారే, అవి. పలకవు, చూడ్డానికే. మొదట్లో నాకు చిరాకేసేది, సరస్వతి చేతిలో ఉండాల్సినది షోకేసులోకి వెళ్ళిందని. ఇప్పుడు అలా అనను. ఆ చిన్న వీణ చేసే కుర్రాడి చేతిలో ఉన్నది కూడా అదే ఉలి, ముందున్నది కూడా అదే పనస చెక్క. పెద్ద వీణ ఆర్డర్ వచ్చిన రోజున వాడికి చెక్క వాలు తెలిసే ఉంటుంది. బొమ్మలు లేకపోతే వాడు ఈపాటికి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు.

కాబట్టి అక్కా, వంద కౌంటు దగ్గర మొదలెట్టొద్దు. మీ అమ్మాయి లావు నూలే వడకనీ. దాంతో రాఖీలో, చేతి తాళ్ళో ఏదో ఒకటి చేసి అమ్ముకోనీ. "అమ్మమ్మ పత్తి" అని పేరు పెడితే దాని ఫ్రెండ్సే కొంటారు.

---

మగ్గం గుంతలోంచి జవాబు:

బాబ్జీ అన్నా, చెక్క సంగతి నాకు తెలీదు గానీ నూలుకి అది నడవదు. లావు నూలు అలవాటైన చేయి సన్నానికి రావడం చాలా కష్టం. వేళ్ళు పోగుని వదిలే వేగమే వేరు. మొదట్నుంచీ సన్నమే పట్టాలి, తెగినా సరే. రాఖీలు కావాలంటే తెగిన నూలుతో చేసుకోవచ్చు, అది బోలెడు మిగులుతుంది.

---

ఎవరైతేనేం జవాబు:

అందరూ బాగా రాశారు. ఒక చిన్న డౌటు. ఈ చర్చలో రాసినవాళ్ళలో, చదువుతున్నవాళ్ళలో పొందూరు ఖద్దరు కొన్నవాళ్ళు ఎంతమంది? చేత్తో వడికి చేత్తో నేసినదే ఖద్దరు, దానికి ఖాదీ మార్క్ అని ముద్ర కూడా ఉంది. అయినా మనం ఎగ్జిబిషన్‌లో మిల్లు బట్ట చవగ్గా ఉందని కొని, ఖద్దరు కొన్నాం అనుకుంటాం. మా పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు షేర్వానీకి పెట్టే ఖర్చులో కొంత చాలు, మంచి జాందానీ అంచు పంచె వస్తుంది. అమ్మమ్మ వద్దనడంలో తప్పేముంది? బజారు ఏం చెప్తోందో ఆవిడ అదే చెప్తోంది.

---

సిక్కోలు ఆడపడుచు జవాబు:

అందరికీ ధన్యవాదాలు. "ఎవరైతేనేం" గారూ, మా ఆయనకి రెండు పంచెలున్నాయి, అమ్మ పెట్టినవే. కొన్నవి కావు. మీ మాట ఒప్పుకుంటున్నాను.

ఆదివారం ఊరెళ్ళాను. మాస్టారు చెప్పినట్టే సూటిగా అడిగాను: "సెలవుల్లో దీనికి నేర్పు, నీ వడుకు పోయిన రోజులకి నేనిస్తాను" అని. ముందు కయ్యిమంది. "కూతురి దగ్గర కూలి తీసుకునే కర్మ పట్టలేదు" అని లోపలికెళ్ళిపోయింది. అన్నాలు తింటున్నప్పుడు మెల్లగా అడిగింది, "ఇస్తానన్నావు, ఎంతిస్తావేటి?" అని. షాపులో నాకు రోజుకి ఎంత పడుతుందో అంతే ఇస్తానన్నాను. కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత షరతులు మొదలయ్యాయి. దసరాకి రాట్నం ముట్టుకోనివ్వదట. దువ్వడం, గింజ తీయడం, ఏకులు చుట్టడం, అంతవరకే. రాట్నం పదో తరగతి పరీక్షలయ్యాకే. ఫోన్ వేరే గదిలో ఉండాలి. రీల్ తీస్తే మాత్రం మొత్తం బంద్.

మా అమ్మాయి మొహం మాడ్చుకుంది. దానికి కావాల్సింది రాట్నమే, చేప దవడ కాదు. "కంపు కొడుతుందా?" అని అడిగింది. కొట్టదు, ఎప్పుడో ఎండిపోయి నున్నగా అయిపోయి ఉంటుంది. నేను కూడా పక్కన కూర్చుంటానని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, అంటే సరే అన్నట్టే.

బాబ్జీ గారూ, రాఖీల ఆలోచన బాగుంది, తెగిన నూలు దాచమని చెప్పాను.

ఇప్పుడు ఒక సాయం కావాలి. అమ్మ దగ్గర పనికొచ్చే దవడ ఒకటే ఉంది, పాత దానికి పళ్ళు విరిగిపోయాయి. మా ఇద్దరికీ చెరొకటి కావాలి. ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

---

మగ్గం గుంతలోంచి జవాబు:

మాకు ఎప్పుడూ గోదావరి వైపు నుంచే వచ్చేవి అక్కా, రాజమండ్రి నుంచి. కానీ ముందు మీ వీధిలోనే అడగండి. వడకడం మానేసిన ఇళ్ళలో అటక మీద రాట్నంతో పాటు అవీ ఉంటాయి, ఎవరూ పారేయరు. మా పిన్ని దగ్గర రెండున్నాయి. నెలాఖరుకి ఊరొస్తున్నాను, తీసి ఉంచుతాను. పళ్ళు అన్నీ ఉన్నాయో లేదో చూసి తీసుకోండి.