మందలో గొర్రెలు దొంగతనం కాకుండా మీరేం చేస్తున్నారు?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర ఒక పల్లె. 40 దాకా జోడిపి గొర్రెలున్నాయి, అదే కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలుండే తెల్ల రకం. పోయిన వారం ఎరువు కోసం పక్క రైతు చేలో మంద కట్టాం, నాన్న అక్కడే మంచం వేసుకుని పడుకున్నా తెల్లారి లెక్కపెడితే 6 పొట్టేళ్లు లేవు. కుక్క కూడా అరవలేదు, దానికేదో పెట్టారని మా అనుమానం.

స్టేషన్‌కి వెళ్తే మీవేనని గుర్తేంటి అన్నారు. చెవి ట్యాగుల మీది 12 అంకెల నంబర్లు మేం ఎక్కడా రాసి పెట్టుకోలేదు. అయినా ట్యాగ్ కోసేస్తే ఇంకేం మిగులుతుంది? చెవి లోపల పచ్చబొట్టు వేయించినవాళ్లున్నారా, అది ఎన్నాళ్లు కనిపిస్తుంది? మెడకు జీపీఎస్ కట్టిద్దామంటే కొండ కింద సిగ్నల్ సరిగా రాదు. రాత్రిపూట మనిషి అలికిడికి వెలిగే సోలార్ లైటు, సైరన్ లాంటివి మంద దగ్గర వాడినవాళ్లు చెప్పండి, గొర్రెలు బెదిరి చెదిరిపోతాయేమో అని భయం.

పోయినవాటి కోసం ఏ సంతల్లో వెతకాలో తెలిసినా చెప్పండి. నాన్న ఆ రోజు నుంచి రాత్రుళ్లు కన్ను మూయట్లేదు, ఆయన్ని చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది.