టోక్యోలో ఒక్కరోజు: పిల్లుల కేఫ్, భోజనం, షాపింగ్ అన్నీ కుదిరే దారి చెప్పండి

నిషికసాయ్ కోడలు:
ఊరి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. ఈ శనివారం అందరం బయటికి వెళ్దామని ఉంది. పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు, పిల్లుల కేఫ్ చూపించమని ఒకటే గోల. చిన్నవాడికి నాలుగు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు, పైగా మోకాళ్ళ నొప్పి. హరజుకు అయితే అన్నీ ఒకేచోట అవుతాయా?

తోజాయ్ లైన్ బాబాయ్:
హరజుకు వద్దమ్మా. అక్కడి తకెషితా వీధి పొడవు 350 మీటర్లే గానీ, శనివారం మధ్యాహ్నం అందులో దిగితే తిరనాళ్ళలో పడ్డట్టే. పెద్దావిడ కాసేపు కూర్చుందామన్నా చోటుండదు. అక్కడ పేరున్న తిండి క్రేప్ అనే పల్చటి తీపి అట్టు, ఆ పిండిలో గుడ్డు కలుపుతారు.

అకిహబరా, ఒకాచిమాచి, ఉఎనో వైపు వెళ్ళండి. మీ నిషికసాయ్‌లో తోజాయ్ మెట్రో లైన్ ఎక్కి కయాబాచో దాకా వచ్చి హిబియా లైన్‌కి మారితే అకిహబరా, నకా-ఒకాచిమాచి, ఉఎనో వరసగా వస్తాయి. జేఆర్ రైలు ఎక్కే పనే లేదు. పెద్దమ్మాయికి సగం టికెట్, చిన్నవాడికి అసలు అక్కర్లేదు.

ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు సంగతి. తెరవగానే అకిహబరాలో పిల్లులు, పన్నెండుకల్లా భోజనం, కొనుగోళ్ళు ఆఖరున. ముందే కొనేస్తే ఆ సంచులు కేఫ్ లాకర్లో పట్టవు. మధ్యాహ్నానికి పిల్లులు పడుకుంటాయి, డబ్బు కట్టి వాటి వీపులు చూసి రావాలి. భోజనం ఆలస్యమైతే ఇంకా చిక్కు. ఇక్కడ చాలా హోటళ్ళు మూడు గంటల ప్రాంతంలో మూసి, మళ్ళీ ఐదింటికి గానీ తెరవవు. చివరి ఆర్డరు మూసేందుకు అరగంట ముందే.

అకిహబరా నుంచి ఒకాచిమాచికి ఒక కిలోమీటరు. రైలు పట్టాల కిందుగా నడవండి, దారిలో 2కె540 అనే చేతిపనుల కొట్ల వరస ఉంటుంది. టోక్యో స్టేషన్ నుంచి 2.540 కిలోమీటర్ల దూరంలో ఉందని ఆ పేరు పెట్టారు. పైన రైళ్ళు, కింద కొట్లు, వానొచ్చినా తడవరు. అవి పదకొండింటికి తెరుస్తారు, బుధవారం సెలవు. మోకాళ్ళు సహకరించకపోతే మెట్రోలో ఒక్క స్టేషన్ అంతే.

భోజనానికి ఒకాచిమాచిలో ఆంధ్రా కిచెన్ ఉంది, అత్తయ్యగారికి బెంగ లేదు. జపాన్ హోటల్లో తినాలనుకుంటే మాత్రం "మాంసం లేదు కదా" అని అడిగితే చాలదు. సోబా నూడుల్స్ పులుసులో, మిసో సూపులో, ఉడికించిన కూరగాయల్లో కూడా దాషి పోస్తారు, అది ఎక్కువగా ఎండుచేప నీళ్ళే. వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు కాబట్టి "లేదు" అనే అంటారు. "కత్సువో దాషి వేశారా" అని పేరు పెట్టి అడగాలి.

మ్యావ్ మ్యావ్:
పిల్లుల కేఫ్ గురించి నేను చెప్తా. ముందు వయసు చూడండక్కా. బడికి పోయే వయసు రాని పిల్లల్ని చాలా కేఫ్‌లు లోపలికి రానియ్యవు, పెద్దోళ్ళు తోడున్నా సరే. బుక్ చేసేటప్పుడే ఆ గీత చదవాలె, తలుపు దగ్గర ఏడిస్తే లాభం లేదు.

డబ్బు గంటల లెక్కనో, పది నిమిషాల లెక్కనో ఉంటది, శని ఆదివారాలు రేటు ఎక్కువ. లోపలికి పోంగనే టైం రాసిన కార్డు మెడలో వేస్తరు, అప్పటి నుంచి మీటరు మొదలు. కొత్తోళ్ళకు అరగంట సరిపోదు, మొదటి పావుగంట పిల్లి మిమ్మల్ని పట్టించుకోదు. గంటకే కట్టండి.

బూట్లు విడిచి, చేతులు కడిగి, శానిటైజర్ రుద్దుకొని లోపలికి. సాక్సులు ఉండాలె. పాప కాళ్ళకు పట్టీలుంటే ఇంట్లనే తీసేయండి, మువ్వ చప్పుడు ఇన్నదంటే పిల్లి ఉరుకుతది, లేకుంటే కాలి మీదికి దుంకుతది. చున్నీ కుచ్చులు, అద్దాల పని గౌను కూడా వద్దు. గోరు దారంల ఇరికితే పిల్లి గుంజుతది, పాప భయపడి వెనక్కి లాగుతది, అట్లనే గీరుకుపోతది.

ఎత్తుకోవద్దు, పడుకున్నదాన్ని లేపొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. నేల మీద కాళ్ళు మడిచి కూసొని, చూపుడు వేలు దాని ముక్కు ఎత్తుల పెట్టి ఆగాలె. వాసన చూసి బుగ్గ రాసిందంటే ఒప్పుకున్నట్టు. అప్పుడు గదమ కింద నిమరాలె, పొట్ట జోలికి పోవద్దు. తోక నేలకేసి కొడుతుంటే చెయ్యి తీసేయాలె.

గుడ్లగూబల కేఫ్, ఒట్టర్ (నీటికుక్క) కేఫ్ అని బోర్డులు కనబడతయి. నన్నడిగితే వద్దంటా. గుడ్లగూబ రాత్రి జీవి, పగలంత కాలికి తాడు కట్టి కూసోబెడతరు. ఆ చిన్న గోళ్ళ ఒట్టర్ల అంతర్జాతీయ వ్యాపారం 2019ల నిషేధించిన్రు.

నిషికసాయ్ కోడలు:
చాలా థాంక్సండి. మరి చిన్నవాణ్ణి ఏం చెయ్యాలి? ఇంకొకటి, మామయ్యగారి పాస్‌పోర్టు మీద టాక్స్ ఫ్రీ (పన్ను లేకుండా కొనడం) తీసుకుంటే మేం కొనేవి కూడా వస్తాయా?

అమెయోకో అభిమాని:
రెండు జట్లుగా విడిపోండి. మీరూ అమ్మాయీ అకిహబరాలో దిగండి, మీవారు మిగతావాళ్ళని తీసుకుని ఉఎనో జూకి వెళ్తారు. 9:30కి తెరుస్తారు, పెద్దలకు 600 యెన్లు, పన్నెండేళ్ళ దాకా ఉచితం. పిల్లల జంతుశాల పడమటి భాగంలో ఉంది కాబట్టి షినోబజు చెరువు వైపు గేటు నుంచి వెళ్ళాలి. తూర్పు గేటులోంచి వెళ్తే జూ అంతా దాటుకుని రావాలి, మధ్యలో వాలు కూడా ఉంది. పన్నెండింటికి ఒకాచిమాచిలో కలుసుకోండి.

టాక్స్ ఫ్రీ మీకు రాదు, ఉద్యోగ వీసాలో ఇక్కడ ఉంటున్నవాళ్ళకి అది లేదు. పర్యాటక వీసా మీద వచ్చిన మామయ్యగారికి ఉంది, అదీ వారు కొనుక్కుని తీసుకెళ్ళేవాటికే. ఒకే కొట్లో ఒకే రోజు పన్ను కాక కనీసం 5,000 యెన్లకి కొనాలి, అసలు పాస్‌పోర్టు చూపాలి, జిరాక్స్ పనికిరాదు. మీ కార్డు ఇస్తే పేరు కలవలేదని ఆపే కొట్లున్నాయి, నగదు ఇప్పించండి. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతుంది: ముందు పన్నుతో సహా కట్టి, దేశం వదిలేటప్పుడు వెనక్కి తీసుకోవాలి.

యూనిక్లో ఒకాచిమాచి స్టేషన్ పక్కనే యోషిఇకే భవనంలో ఉంది. పైకి బట్టలు, కింద మాత్రం పెద్ద చేపల కొట్టు. అత్తయ్యగారిని ఆ వాసనలో నిలబెట్టకుండా లిఫ్టు ఎక్కించండి. అక్కడి అమెయోకో బజారులో చాక్లెట్లు చవకే. గమ్మీలూ మార్ష్‌మెలోలూ తీసుకునేముందు ప్యాకెట్ వెనక "జెరాచిన్", అంటే జంతువుల నుంచి తీసే జెలటిన్, ఉందేమో చూడండి. వంటింటి కత్తి కొంటే ఊరెళ్ళేటప్పుడు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి.

తోజాయ్ లైన్ బాబాయ్:
ఒకటి మరిచానమ్మా. తిరిగొచ్చేటప్పుడు కయాబాచోలో "కైసోకు", అంటే అన్ని స్టేషన్లలో ఆగని వేగం రైలు, ఎక్కకండి. తోయోచో దాటితే మళ్ళీ ఆగేది ఉరయాసులోనే, మీ స్టేషన్ కిటికీలోంచి వెళ్ళిపోతుంది.