అప్పు దావాలో సమన్లు అందిన పేద మహిళకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారా?

ప్రశ్న:

మా వీధిలో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఒకావిడకు కిందటి వారం కోర్టు అమీనా సమన్లు ఇచ్చి వెళ్లారు. చనిపోయిన భర్త రాసిన ప్రోనోటు మీద లక్షన్నర రూపాయలు రావాలంటూ వడ్డీ వ్యాపారి దావా వేసి, వారసురాలిగా ఆవిడను ప్రతివాదిగా చేర్చారు. చదువు రాని ఆవిడ ఆ కాగితాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో దాచిపెట్టి, వాయిదాకు వెళితే పోలీసులు పట్టుకుపోతారేమోనని భయపడుతున్నారు. వకాలతు వేయడానికి ఒక న్యాయవాది పదిహేను వేలు అడిగారట. ప్రభుత్వం తరఫున ఇచ్చే ఉచిత న్యాయవాది క్రిమినల్ కేసులకేనా, ఇలాంటి దావాలకు కూడానా? ఆదాయ ధ్రువపత్రం తప్పనిసరా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం:

సివిల్ దావాలకు కూడా ఇస్తారండీ. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు కాబట్టి, ఆవిడ ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదు. కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయ సేవా కమిటీకి గానీ, జిల్లా సంస్థకు గానీ సమన్లతో వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు.

అన్నిటికన్నా ముఖ్యం గడువు. సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. కోర్టు అనుమతిస్తే ఆ గడువును 90 రోజుల వరకు పొడిగిస్తారు. భయపడి ఇంట్లో కూర్చుంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఆవిడ వాదన వినకుండానే తీర్పు, వస్తుంది. భర్త అప్పుకు ఆవిడ బాధ్యత ఆయన నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే ఉంటుంది తప్ప, పాచిపని చేసి తెచ్చుకునే కూలికి వర్తించదని ఆవిడకు తప్పకుండా చెప్పండి. నోటు రాసి మూడేళ్లు దాటాక దావా వేసి ఉంటే కాలపరిమితి ప్రశ్న వస్తుంది కాబట్టి, నోటు వెనుక చెల్లు (కొంత సొమ్ము కట్టినట్టు రాసిన రాత) ఉందా, దాని కింద సంతకం ఆయనదేనా అన్నది కూడా చూడాలి.

రెండో సమాధానం:

నేను కొన్నేళ్లు పారా లీగల్ వాలంటీరుగా, అంటే న్యాయ సేవాధికార సంస్థ తరఫున జనానికి న్యాయసహాయం అందేలా చూసే కార్యకర్తగా, పనిచేశాను. చట్టంలో ఉన్న హక్కు మనిషి దాకా చేరకపోవడమే నాకు ఎప్పుడూ బాధ కలిగించిన సంగతి. సమన్ల మీదనే పెద్ద తెలుగు అక్షరాల్లో "మీకు ఉచితంగా న్యాయవాది దొరుకుతారు" అని 15100తో సహా అచ్చువేస్తే, అమీనా ఆ ఒక్క వాక్యం చదివి వినిపిస్తే, ఎన్ని ఎక్స్‌పార్టీ డిక్రీలు ఆగేవో. కూలి వదులుకొని రాలేనివారి కోసం సాయంత్రం వేళల్లో బస్తీలోనే దరఖాస్తులు తీసుకోవడం కూడా అవసరం.

ఒక జాగ్రత్త చెబుతాను. సంస్థ నియమించిన న్యాయవాది కక్షిదారు నుంచి రుసుము తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు ఇవ్వండి. అలాగే, లోక్ అదాలత్‌లో రాజీ అంటే తొందరపడి వేలిముద్ర వేయనివ్వకండి. అక్కడ రాజీ మీద ఇచ్చే అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. ఎంత కట్టగలరో, ఎన్ని వాయిదాల్లో కట్టగలరో ముందే లెక్క చూసుకొని కూర్చుంటే మాత్రం రాజీ మంచిదే.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న ఆవిడతో వెళ్లి దరఖాస్తు ఇచ్చి వచ్చాం. దావాతో జతచేసిన నకలులో నోటు ముందుభాగమే ఉంది, వెనుకభాగం లేదు. న్యాయవాదిని కేటాయించగానే మొదట అడగవలసిన సంగతి అదేనని కాగితం మీద రాసి ఆవిడ చేతికిచ్చాను.