సమస్యాపూరణం: "గోడ వెనుకవాని గుడ్డి చూచె"

నిర్వాహకుడు (నల్లగొండ): ఈ వారం పాదం ఇదే. వస్తువు బీజీఎంఐ లాంటి, ఫోన్ల మీద ఆడే తుపాకీ ఆటల్లో దొంగదారులు. కానియ్యండి.

పాలమూరు పిల్లగాడు:
దొంగ యాపు తెచ్చి తొందరపడి యాడ
నేర్పు లేని చేయి నెగ్గుచుండె
ఎరుపు గీత గీసి యెదిరిని చూపింప
గోడ వెనుకవాని గుడ్డి చూచె

మిర్యాలగూడ మాస్టరు: "ఎరుపు గీత" భేష్ తమ్మీ. ఆ మోడ్, అంటే ఆటల మోసం చేయనీకి పెట్టుకునే దొంగ యాపు, సరిగ్గ అదే చేస్తది: శత్రువు దాక గీత, చుట్టు డబ్బా, పక్కన ఎన్ని మీటర్లో అంకె. "తొందరపడి" ఇంకా మంచిగ పడ్డది. ఎం416 తుపాకీకి ఎగురుడు తగ్గించే కాంపెన్సేటర్, నిలువు గ్రిప్ తగిలించి, ట్రైనింగ్ మైదానంల గోడ మీద 30 గుండ్లు ఒక్కచోట పడేదాక వేలు కిందికి గుంజుడు నేర్వాలె. ఆ ఓపిక లేనోడే మోడ్ దిక్కు చూస్తడు. కానీ నేర్పు లేనోణ్ణి గుడ్డి అనుడు అందరికీ తట్టే ఊహ.

దేవరకొండ:
సర్వరంపినట్టి స్థానమ్ము లన్నియు
కన్ను లేని ఫోను కడుపు నుండ
తాళ మొకటి తీయ దాపరికము లేక
గోడ వెనుకవాని గుడ్డి చూచె

మాస్టరు: ఇదీ పూరణ! గుడ్డి ఫోనే. మూల తిరగంగనే శత్రువు బొమ్మ కనపడాలంటే వాని స్థానం ముందే ఫోనుకు చేరాలె. గోడ తెరమీదనే అడ్డం, మెమొరీల అడ్డం లేదు. మోడ్ అక్కడ చదువుకుంటది. ఎదురుపడే ముందు దాక సర్వరు ఆ స్థానం పంపకుంటే మోడ్‌కు చదువనీకి ఏముండదు.

పాలమూరు పిల్లగాడు: "స్థా" ముందు "ట్టి" గురువు కాదా సార్? దేవరకొండ అన్న రాస్తే ఊకుంటరా?

మాస్టరు: సమాసం కాదు, వేరు మాట. లఘువే.

దేవరకొండ: నా గురువులు సరే తమ్మీ. "నీడ" సమస్యకు నువ్వు పానగల్లు ఛాయా సోమేశ్వరుని గుడిల నీడ మధ్యాహ్నం మాయమైందని రాసినవ్. ఆ నీడ పొద్దంత లింగం మీదనే ఉంటది. ముందుగాల అది దిద్దుకో.

పాలమూరు పిల్లగాడు: దిద్దుకుంట అన్నా. నీ "తాళం"ల ఇంకో అర్థముంది, చెప్పలే. మోడ్‌కు యాక్సెసిబిలిటీ, అంటే తెర మీదున్నది చదివే అనుమతి ఇస్తే తెరమీదికొచ్చే ఓటీపీ కూడా చదువుతది. మన తాళం మనమే తీసిచ్చినట్టు.

కృష్ణా ఒడ్డు:
పట్టుబడిన ఖాతా పదియేండ్లు మూతయై
కొత్త పేరు తోడ కోరి వచ్చె
ఫోను గుర్తుపట్టి పొమ్మనె సర్వరు
గోడ వెనుకవాని గుడ్డి చూచె

మాస్టరు: కొత్త పేరే గోడ, సర్వరే గుడ్డి! ఖాతా మారినా ఫోను గుర్తు మారదు, అందుకే నిషేధం పరికరం మీద పడ్తది. ఊహల దేవరకొండను దాటినవ్. కానీ "ఖాతా" రెండు గురువులు, ఆటవెలదిల అక్కడ పడాల్సిన సూర్యగణం కాదు.

దేవరకొండ: దాటుడు తర్వాత, ముందు గణం పడాలె కద సార్.

కృష్ణా ఒడ్డు: "ఖాత" అంటే?

మాస్టరు: కుదించకు. "పట్టుబడిన పేరు".

పాలమూరు పిల్లగాడు: కింద "కొత్త పేరు" ఉండనే ఉంది. పాత పేరుకు కొత్త పేరు, ఇంక మంచిగ కుదిరింది.