చర్చ: తెలిస్తే చెప్పే ప్రశ్నా, ఆలోచిస్తే తట్టే ప్రశ్నా? క్విజ్‌లో అసలు రుచి దేనిది?

కొండపల్లి బొమ్మ:
మా కాలనీ సంక్రాంతి క్విజ్‌కు ఈసారి ప్రశ్నలు తయారుచేసే పని నా నెత్తిన పడింది. కమిటీలో రెండు వర్గాలు. ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి, తెలిసినవారు బజర్ నొక్కాలి, అంతే అంటారు కొందరు. తెలియకపోయినా కాసేపు ఆలోచిస్తే రాబట్టుకునేలా ఉండాలంటారు మిగిలినవారు. నేను రెండో పక్షం. ఒక్క వాక్యపు ప్రశ్నలు పోటీ పరీక్షల బిట్లు. వాటిలో ఆట ఏముంది?

బిట్ల బ్యాంకు:
బిట్లంటే అంత చులకన ఎందుకండీ? నేను గ్రూప్-2కు చదువుతున్నవాణ్ణి. ఎప్పుడో ఏ పాత పేపరులోనో కంటబడిన సంగతి సరిగ్గా అడిగిన క్షణాన నాలుక మీదికి వస్తుంది చూడండి, ఆ ఆనందం ముందు మార్కులు కూడా దిగదుడుపే. మీ వర్గం ప్రశ్నలు పావు పేజీ ఉంటాయి. చదవడం పూర్తయ్యేలోగా వెనక వరస పిల్లలు ఫోన్లు తీస్తారు.

కొండపల్లి బొమ్మ:
సరే, ఉదాహరణతోనే తేల్చుకుందాం. బిట్టు రూపం: 'శ్రీబాగ్ ఒప్పందం ఏ సంవత్సరంలో కుదిరింది?' 1937. తెలిసినవారు చెబుతారు, తెలియనివారు పాస్ అంటారు. అయిపోయింది.

ఇప్పుడు నా రూపం: '1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు వెళ్లింది, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకు వచ్చింది. ఈ పంపకానికి మూలం 1937లో మద్రాసులో ఒక పెద్దమనిషి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒప్పందం. ఆ ఇంటి పేరే ఒప్పందానికి వచ్చింది. ఆయన ఒక దినపత్రిక కూడా నడిపారు. ఆయన అమ్మిన సరుకు చిన్న సీసాలో మీ ఇంటి అలమరలో ఇప్పటికీ ఉండవచ్చు. ఎవరాయన?'

చరిత్ర చదివినవారు శ్రీబాగ్ నుంచి వస్తారు. పత్రికల సంగతి తెలిసినవారు ఆంధ్రపత్రిక నుంచి వస్తారు. ఈ రెండూ ఎరగని అమ్మమ్మగారు తలనొప్పి నుంచి వస్తారు: అమృతాంజనం! కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఒకే జట్టులో ఈ ముగ్గురూ ఉండి, తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకుంటుంటే చూడడం కోసమే నేను క్విజ్‌లకు వెళతాను.

పాత క్విజ్ మాస్టర్:
కాలేజీ క్విజ్‌లలో చాలాకాలంగా మీ రకం ప్రశ్నలదే రాజ్యం. అక్కడి పౌన్స్, బౌన్స్ పద్ధతే అందుకు కారణం. ధీమా ఉన్న జట్టు వంతు రాకముందే చీటీ మీద జవాబు రాసి ఇస్తుంది. అది పౌన్స్, తప్పయితే మార్కులు కోత. మిగిలిన జట్లకు ప్రశ్న వరసగా బౌన్స్ అవుతుంది. బిట్టు ఇస్తే ఎనిమిది జట్లూ 'పాస్' అనుకుంటూ పోతాయి, హాలంతా ఆవలింతలు. అందుకే దారులున్న ప్రశ్న కావాలి.

అయితే మీ ప్రశ్న మాత్రం నాకు నచ్చలేదు. సీసా, అలమర వినపడ్డాక 1953తో ఎవరికి పని? చివరి రెండు వాక్యాలే ప్రశ్న, ముందున్నది ఉపన్యాసం. ప్రశ్న రాసేవారికి తమ చదువు చూపించుకోవాలనే తీపి ఉంటుంది, దాన్ని చంపుకోవాలి.

బిట్ల బ్యాంకు:
పెద్దాయన నా మాటే అన్నారు! ఇంకొకటి. అమృతాంజనం ఎవరిదో అమ్మమ్మగారికి ముందే తెలిసి ఉంటేనే కదా తట్టింది? బుర్రలో సరుకు లేనిదే ఆలోచన దేని మీద నడుస్తుంది? 2011లో అమెరికా టీవీ క్విజ్ 'జెపర్డీ' పోటీలో ఐబీఎం వాళ్ల వాట్సన్ కంప్యూటర్ ఆ ఆటలో మేటి విజేతలైన కెన్ జెన్నింగ్స్, బ్రాడ్ రట్టర్ అంతటివారిని ఓడించింది. సరుకు బలం అది.

కొండపల్లి బొమ్మ:
అదే పోటీలో ఒక అమెరికా నగరం పేరు అడిగారు: అక్కడి పెద్ద విమానాశ్రయానికి రెండో ప్రపంచ యుద్ధ వీరుడి పేరు, రెండోదానికి ఆ యుద్ధంలోని ఒక పోరు పేరు. ఓహేర్, మిడ్‌వే, అంటే షికాగో. మనుషులిద్దరూ రాశారు. వాట్సన్ కెనడాలోని టొరంటో అని రాసింది!

బిట్ల బ్యాంకు:
అయినా చివరికి గెలిచింది వాట్సనే కదండీ.

నేలటికెట్టు:
మీ యుద్ధం మధ్యలో ఒక మనవి. ఏ రూపంలో అడిగినా జవాబుల కాగితం సరిచూసుకోండి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల 1931 సెప్టెంబర్ 15 అని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ రాశాయి. తరువాత పరిశోధనలో 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. నేను చూసిన ఒక పోటీలో కొత్త తేదీ చెప్పిన జట్టుకు సున్నా వేశారు, కాగితంలో పాతదే ఉందని. తేదీల బిట్లతో ఇదే తంటా. పుస్తకం తప్పయితే, దాన్ని నమ్మి బట్టీపట్టినవారే గెలుస్తారు.

పాత క్విజ్ మాస్టర్:
ఇది మాత్రం గట్టి మాట. తేదీ అడిగే బదులు, మొదట చెప్పిన తేదీ తప్పని ఎలా పట్టుకుని ఉంటారో అడగండి. సెన్సారు వివరాలు, పాత పత్రికల్లో ప్రకటనలు... జట్లు ఊహించుకుంటూ వస్తాయి.

కొండపల్లి బొమ్మ:
రాసుకున్నాను. నా ప్రశ్నకూ కత్తెర వేశాను, చూడండి: 'శ్రీబాగ్ ఒప్పందం కుదిరిన ఇల్లు ఎవరిది? ఆయన అమ్మిన సరుకు మీ అలమరలో చిన్న సీసాలో ఉండవచ్చు.'

బిట్ల బ్యాంకు:
రెండు వాక్యాలకు దిగారు. ఇంకొక్కటి తగ్గించండి, మా బిట్టే.